కదలని ఉరుముల వాన: ఎండాకాలంలో గోదావరి డెల్టా ఎలా మునుగుతుంది

ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా డెల్టాలో ఏటా వినిపించే మాట ఒకటుంది: "మా ఊళ్లో మోకాలి లోతు నీళ్లు, పక్క ఊళ్లో చినుకు పడలేదు." గోదావరికి వరద ఉండదు, సముద్రంలో వాయుగుండం ఉండదు. మధ్యాహ్నం మూడింటి దాకా ఒళ్లు కాలే ఎండ, నాలుగున్నరకు పడమటి దిక్కున కారుమబ్బు, ఆరు దాటేసరికి వీధి కాలువ పొంగి ఇంటి మెట్లెక్కిన నీరు. 2023లో ఏప్రిల్ నెలాఖరున, మే మొదట్లో ఇలాంటి అకాల వర్షాలే దాళ్వా (రెండో పంట వరి) కోతల మీద పడి గోదావరి జిల్లాల్లో కళ్లాల్లో ఉన్న ధాన్యాన్ని తడిపేశాయి. అలా పడ్డ ప్రతిసారీ అదే వాదన మొదలవుతుంది. ఇది మామూలు వానా, మేఘ విస్ఫోటనమా? తప్పు ఆకాశానిదా, డ్రెయిన్లదా (మురుగు కాలువలదా)?

ఇందులో మూడు సంగతులు కలగలిసి ఉన్నాయి. వాన ఎంత జోరుగా పడింది, ఎంతసేపు ఒకేచోట నిలబడింది, పడిన నీటికి ఆ గంటలో పోయే దారి ఉందా. టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడుకునేదంతా మొదటిదాని గురించే. డెల్టాలో ముంచేది మాత్రం చాలాసార్లు తక్కిన రెండూ.

గోదావరి వరద వేరు, వాన ముంపు వేరు

గోదావరి వరదకు ఒక కొలత ఉంది, ఒక వ్యవధి ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులుందో చూసి ధవళేశ్వరానికి ఎప్పుడు ఎంత వస్తుందో అంచనా వేస్తారు. అక్కడి కాటన్ బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా, నష్టం ఎంతైనా, లంకల్లోని జనాన్ని దాటించడానికి కొన్ని గంటలైనా చేతిలో ఉన్నాయి.

ఉరుముల వానకు అలాంటి మెట్లు లేవు. వాన మొదలైన ఆరు గంటల్లోపే నీరు ప్రమాదకరంగా పెరిగితే దాన్ని ఆకస్మిక వరద అంటారు. మన దగ్గర దానికి రెండు రూపాలు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండల్లో పడితే వాగు ఒక్కసారిగా ఉరుకుతుంది. అరగంట క్రితం నడిచి దాటిన కాజ్‌వే మీద నడుము లోతు నీరు పారుతుంది. కిందికి దిగి డెల్టాలోకి వచ్చాక ఉరకడానికి వాలు లేదు. చాలాచోట్ల కిలోమీటరుకు జానెడు పల్లం కూడా ఉండదు. అందుకని ఇక్కడ నీరు ఉరకదు, లేస్తుంది. రోడ్డు మీద, చేలో, పాక లోపల మెల్లగా లేచి రోజుల తరబడి నిలుస్తుంది.

ఈ రెండూ కలిసే చోట్లు కూడా ఉన్నాయి. మెట్ట ప్రాంతం నుంచి వచ్చే ఎర్రకాలువ నీరు నందమూరు అక్విడెక్టు మీదుగా యనమదుర్రు డ్రెయిన్‌లోకి దిగుతుంది. జంగారెడ్డిగూడెం వైపు మబ్బు నిలబడి కురిస్తే, చినుకు పడని తాడేపల్లిగూడెం మండలంలో మర్నాడు చేలు మునగొచ్చు. 2024 జులైలో ఎర్రకాలువ పొంగినప్పుడు అందరూ చూసిన దారి ఇదే. ఆ దారికి వానాకాలమని, ఎండాకాలమని తేడా లేదు.

మిల్లీమీటరు లెక్క ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఎకరానికి సుమారు 4,047 లీటర్లు. వంద మిల్లీమీటర్లు పడితే ఒక్క ఎకరంలో నాలుగు లక్షల లీటర్ల పైచిలుకు నీరు చేరినట్టు.

భారత వాతావరణ శాఖ ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా పడినదాన్ని ఒక రోజు వానగా లెక్కిస్తుంది. 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా ఓ మోస్తరు వర్షం, 64.5 దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. శ్రావణ భాద్రపదాల్లో అల్పపీడనం పట్టి రోజంతా ముసురులా పడే వానకు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఎండాకాలపు ఉరుముల వాన విషయంలో మాత్రం అసలు సంగతి ఇందులో కనిపించకుండా పోతుంది. సాయంత్రం అయిదు నుంచి ఆరు మధ్య ఒక్క గంటలో 60 మిల్లీమీటర్లు పడి, ముందూ వెనకా చినుకు లేదనుకుందాం. పట్టణంలో బైకులు మునిగిపోతాయి, కరెంటు పోతుంది. మర్నాటి పట్టికలో అది "ఓ మోస్తరు వర్షం"గానే నమోదవుతుంది. పట్టిక అబద్ధం చెప్పలేదు; 24 గంటల కొలత గంట వానను చూపించలేదు, అంతే.

మేఘ విస్ఫోటనం అన్న మాట కూడా ఇష్టమొచ్చినట్టు వాడేస్తున్నారు. వాతావరణ శాఖ లెక్కలో, ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో గంటకు వంద మిల్లీమీటర్లు పడితేనే ఆ పేరు. డెల్టాలో వేసవి ముంపులు చాలావరకు ఆ గీతకు బాగా కిందే ఉంటాయి. మునగడానికి విస్ఫోటనం అక్కర్లేదన్నదే ఇక్కడ గమనించాల్సిన సంగతి.

మబ్బు ఎందుకు కదలదు

వేసవిలో ఛత్తీస్‌గఢ్, విదర్భల నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి ఒక ద్రోణి (గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) తరచుగా ఏర్పడుతుంది. దానికి పడమట పొడి వేడిగాలి, తూర్పున బంగాళాఖాతం నుంచి వచ్చే తడిగాలి. మే నెలలో బంగాళాఖాతం ఉపరితలం 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంత వెచ్చటి నీటి మీదుగా వచ్చే గాలిలో తేమకు కొదవ ఉండదు. మధ్యాహ్నానికి నేల కాలి గాలి పైకి లేస్తుంది. తీరం నుంచి సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. ఆ గాలి అంచు పొడిగాలిని తాకే గీత వెంట క్యుములోనింబస్ (ఉరుముల) మేఘాలు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు, ఒక్కోసారి అంతకు మించి, లేస్తాయి.

ఒంటరి ఉరుముల మబ్బు ఆయుష్షు అరగంట నుంచి గంట. లేస్తుంది, కురుస్తుంది, తన వాన తెచ్చిన చల్లగాలే తనకు కిందినుంచి అందే వేడి తేమను కోసేసి చల్లారిపోతుంది. ఈదురుగాలి కొట్టి, పావుగంట వాన పడి, మళ్లీ ఉక్కపోత మొదలయ్యే మామూలు వేసవి వాన ఇదే. దాని వల్ల మామిడికాయలు రాలతాయి, పిడుగులు పడతాయి గానీ ఊరు మునగదు.

ముంచే వానలో జరిగేది వేరు. కురిసిన మబ్బు నుంచి కిందికి జారిన చల్లగాలి నేల మీద అన్ని వైపులా పాకుతుంది. దానికి ఎదురుగా సముద్రపు తడిగాలి వస్తుంటే, రెండూ ఢీకొన్న చోట కొత్త మబ్బు లేస్తుంది. ఇప్పుడు రెండు కదలికలు ఉన్నాయి. పైగాలి పాత మబ్బును ఒక దిక్కుకు, అంటే తూర్పుకో ఆగ్నేయానికో, తోస్తుంది. కొత్త మబ్బు మాత్రం తేమ వచ్చే వైపే, పాతదాని వెనక, పుడుతుంది. తోసే వేగమూ పుట్టే వేగమూ సమానమైతే మొత్తం గుంపు ఉన్నచోటే ఉన్నట్టవుతుంది. కురిసిన మబ్బు ముందుకు జరిగి చల్లారుతుంటే దాని చోట్లోకి ఇంకొకటి వస్తుంది. కింద ఉన్నవాళ్లకు మాత్రం ఒకే మబ్బు మూడు గంటలు కురిసినట్టుంటుంది. ఇంకో రకంలో మబ్బులన్నీ రైలు పెట్టెల్లా ఒకే పట్టా మీద వరుసగా వచ్చి ఒకే ఊరి మీదుగా వెళతాయి. ఆ గీత మీదున్న ఊరికి ముంపు, పక్క ఊరికి దుమ్ము.

మే రెండో సగంలో ఈ ముప్పు పెరగడానికి కారణం పైగాలే. మార్చి, ఏప్రిల్‌లలో మన మీద అయిదు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలులు ఇంకా బలంగా ఉంటాయి. అప్పటి మబ్బులు వేగంగా పరుగెడతాయి; వడగళ్లు, ఈదురుగాలి ఎక్కువ, నిలిచే నీరు తక్కువ. మే చివరికి ఆ గాలులు ఉత్తరానికి తగ్గిపోతాయి. నైరుతి కాలపు తూర్పు గాలులు పైన ఇంకా కుదురుకోవు. ఈ సందులో మబ్బును తోసే దిక్కు లేదు. తేమ మాత్రం అప్పటికే నిండుగా ఉంటుంది.

వేగాన్ని అంకెల్లో చూద్దాం. కురిసే భాగం అడ్డంగా పది కిలోమీటర్లు, వాన జోరు గంటకు 60 మిల్లీమీటర్లు. మబ్బు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళితే ఒక ఊరి మీద ఉండేది పావుగంట. పడేది 15 మిల్లీమీటర్లు. పది కిలోమీటర్ల వేగంతో వెళితే గంట, 60 మిల్లీమీటర్లు. అయిదు కిలోమీటర్ల వేగమైతే రెండు గంటలు, 120 మిల్లీమీటర్లు, అంటే అతి భారీ వర్షం. మబ్బు అదే, జోరు అదే. మారింది నడక ఒక్కటే.

పడిన నీరు ఎటు పోవాలి

డెల్టా రైతుకు కళ్లు మూసుకుని చెప్పగలిగే లెక్క ఒకటుంది: ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు గంటసేపు పారితే ఎకరంలో అంగుళం లోతు. మురుగు తీయడానికీ ఇదే లెక్క వెనక్కి పనికొస్తుంది.

ఉదాహరణకు ఒక మీడియం డ్రెయిన్ కింద 5,000 ఎకరాలు ఉన్నాయనుకుందాం. వంద మిల్లీమీటర్లు, అంటే సుమారు నాలుగు అంగుళాలు పడింది. మొత్తం 20,000 ఎకరం-అంగుళాలు. నాలుగో వంతు నేల తాగిందనుకుంటే పోవాల్సింది 15,000. డ్రెయిన్ నిండుగా 500 క్యూసెక్కులు లాగితే 30 గంటలు. గుర్రపుడెక్క, పూడిక వల్ల అది 300కు పడిపోతే 50 గంటలు.

ఇంతటితో అయిపోలేదు. కౌశిక, యనమదుర్రు, వాసాలతిప్ప లాంటి డ్రెయిన్లు నేరుగానో, ఉప్పుటేరు, పాయల ద్వారానో చివరికి సముద్రంలోకే చేరాలి. పోటు సమయంలో, అంటే సముద్రం ఎక్కేటప్పుడు, సముద్రపు నీరే ఎదురెక్కుతుంది. ఉప్పునీరు చేలల్లోకి రాకుండా చాలాచోట్ల ఔట్‌ఫాల్ స్లూయిజుల (డ్రెయిన్ చివర కట్టిన తూముల) షట్టర్లు దించుతారు. అవి దించితే మురుగు కూడా ఆగుతుంది. సుమారు ఆరేసి గంటలకోసారి పోటూ పాటూ (సముద్రం తగ్గడం) మారుతుంటాయి కాబట్టి రోజులో సగం సేపే డ్రెయిన్ పారిందనుకుంటే, పై 50 గంటలు 100 గంటలవుతాయి. నాలుగు రోజులు దాటినట్టు. నాలుగు అంగుళాల వానకు! అమావాస్య, పున్నములకు పోటు ఇంకా ఎత్తుకు వస్తుంది. మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేట వేసి ఉంటే పాటు వేళ కూడా నీరు పూర్తిగా దిగదు.

షట్టరు దగ్గర నిలబడి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. వాన నీటి ఒరవడికి పైనుంచి తెగివచ్చిన గుర్రపుడెక్క అంతా ఖానాల ముందు చాపలా పేరుకుంటుంది. దానికి అటు నీరు రెండడుగులు ఎత్తున, ఇటు పల్లంలో. దాని సందుల్లో కొబ్బరి మట్టలు, థర్మాకోల్ ముక్కలు, అరటి బోదెలు. పొక్లెయిన్ వచ్చి లాగేదాకా షట్టరు ఎత్తినా ఫలితం సగమే. అందుకే వేసవిలో ముందుగా గుర్రపుడెక్క తీసిన డ్రెయినుకూ తీయని డ్రెయినుకూ ఒకే వానలో అంత తేడా వస్తుంది.

ఎండాకాలానికే ప్రత్యేకమైన అడ్డంకి మరొకటి. దాళ్వా చివర్లో నీటి ఎద్దడి వస్తే శివారు రైతులు డ్రెయిన్లకు అడ్డుకట్టలు వేసి ఆ మురుగునీటినే ఇంజన్లతో తోడుకుని పంట దక్కించుకుంటారు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. చాలా ఏళ్లు ఆ నీరే వాళ్ల గింజను నిలబెట్టింది. అయితే కోతలయ్యాక ఆ కట్టలను తీసే పని ఎవరిదన్నది తేలదు. మే నెల వాన పడేసరికి అవి అక్కడే ఉంటాయి. మట్టికట్ట వాన నీటికి తెగుతుందిలే అనుకుంటారు. ఇసుక బస్తాలూ తాటి మొద్దులూ పెట్టి గట్టిగా వేసినది తెగదు, తెగినా ఆ మట్టంతా కిందే పూడికగా దిగుతుంది.

నేల సంగతి అనుకున్నంత సూటిగా లేదు. ఎండిన నల్లరేగడి నెర్రెలు తీసి ఉంటే మొదటి జల్లును గబగబా తాగుతుంది. ఆ తర్వాత మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, ఇక నీరు దిగేది చాలా నెమ్మది. అందుకే వరసగా రెండో సాయంత్రం పడిన వాన, మొదటిదానికంటే తక్కువైనా, ఎక్కువ ముంచుతుంది. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఇసుక నేలలు బాగానే తాగుతాయి. అక్కడ ఇబ్బంది భూగర్భ జలం పైకే ఉండటం.

పట్టణంలో అరగంట చాలు

పట్టణంలో ఒక చదరపు కిలోమీటరు నిండా కాంక్రీటు, డాబాలు, రోడ్లు అనుకోండి. గంటలో 60 మిల్లీమీటర్లు పడితే, అందులో 80 శాతం నీరు పారితే, అది 48,000 ఘనపు మీటర్లు. సెకనుకు 13 ఘనపు మీటర్లకు పైనే, అంటే సుమారు 470 క్యూసెక్కులు. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న వీధి కాలువ నిండుగా, సెకనుకు మీటరు వేగంతో పారితే లాగేది ఒక ఘనపు మీటరు. అలాంటివి పదమూడు ఒక్క చెత్తసంచీ అడ్డం లేకుండా పారితేగానీ ఆ ఒక్క కిలోమీటరు నీరు ఆ గంటలో పోదు. రాజమహేంద్రవరంలో కంబాలచెరువు కూడలి కొద్దిపాటి జోరు వానకే నిండిపోవడం వెనక ఉన్నది ఈ లెక్కే.

పొలం డ్రెయిన్లను వరి కొన్ని రోజులు నీళ్లలో నిలబడగలదన్న ఆలోచనతో కట్టారు. రోజుల్లో తీయడం వాటి పని, గంటల్లో తీయడం కాదు. ఊరు పెరిగి ఆ డ్రెయిన్ చుట్టూ కాలనీలు వచ్చాయి. పైరు ఓర్చుకునే రెండు రోజుల నీరు ఇంట్లో పది నిమిషాలు కూడా ఓర్చుకోలేనిది.

ప్రాణాలకు ముప్పు మాత్రం లోతులో కాదు, అంచు కనపడకపోవడంలో ఉంది. మన రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదివే. రాత్రి పూట అడుగు నీరు నిలిస్తే రోడ్డు ఎక్కడ ఆగుతుందో, కాలువ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పారే నీరైతే 30 సెంటీమీటర్ల లోతు చిన్న కారును తేల్చడానికి చాలు.

కళ్లంలో జరిగేది

కోసి పనల మీద ఉన్న వరికి వాన జోరు కంటే నీరు నిలిచే గంటలు ముఖ్యం. పన కింద నీరు నిలిచి, మర్నాడు ఎండ కాస్తే వేడికీ తడికీ గింజ రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లమని వ్యవసాయాధికారులు చెప్పేది ఆ మొలకను ఆపడానికే. అయితే చేలోంచి నీరు తీసేయకుండా చల్లితే ప్రయోజనం లేదు. రాశిగా పోసిన ధాన్యానికి బరకం కప్పినా, నీరు కిందినుంచి ఎక్కితే అడుగు పొర రంగు మారుతుంది. కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. తడిసిన ధాన్యం ఆ అంకెకు దిగేలోపు ఇంకో సాయంత్రం మబ్బు పడితే రైతు పని మళ్లీ మొదటికే.

వాతావరణమా, డ్రెయిన్లా, చెరువులా

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఇది భౌతిక శాస్త్రం, ఇందులో వివాదం లేదు. అందుకే తక్కువ సేపట్లో ఎక్కువ కురిసే వానలు పెరుగుతాయని శాస్త్రవేత్తలు అంటున్నారు. కానీ ఒక ఊళ్లో ఒక సాయంత్రం పడిన వానను చూపి "ఇది భూతాపం" అని తేల్చడం కుదరదు. పై ఉదాహరణలోనే చూడండి: ఏడు శాతం ఎక్కువ పడితే 120 మిల్లీమీటర్లు 128 అవుతుంది. డ్రెయిన్ 500 నుంచి 300 క్యూసెక్కులకు పడిపోవడం అంతకు ఎన్నో రెట్ల తేడా.

చేపలు, రొయ్యల చెరువుల మీద వాదన ఇంకా వేడిగా ఉంటుంది. చెరువుల రైతులు చెప్పేదాంట్లో నిజం ఉంది: గట్టు అడుగు ఎత్తు ఖాళీగా ఉన్న చెరువు 300 మిల్లీమీటర్ల వానను తనలోనే దాచుకుంటుంది, చుక్క బయటికి పంపదు. వరి రైతులు చెప్పేదీ నిజమే. వెయ్యి ఎకరాల పల్లంలో 600 ఎకరాలు చెరువు గట్లయితే, పైనుంచి దిగే నీటికి పరుచుకునే చోటు 400 ఎకరాలే. వెయ్యి ఎకరాల్లో రెండు అంగుళాలుగా నిలిచే నీరు అక్కడ అయిదు అంగుళాలవుతుంది. దానికి తోడు ఉప్పదనం తగ్గుతుందన్న భయంతో అదే రాత్రి రొయ్యల చెరువుల పైనీటిని డ్రెయినులోకి వదిలితే, దాచుకుంటుందన్న వాదన చెల్లదు. మాకు కనిపించినంతలో చెరువు ఉండటం కంటే, దాని కోసం మురుగు బోదెను పూడ్చారా, వదిలారా అన్నదే ఎక్కువచోట్ల తేల్చేది.

ముందే ఎంత చెప్పగలరు

"ఒకటి రెండు చోట్ల" అన్న మాటకు వాతావరణ శాఖ బులెటిన్‌లో నిర్దిష్టమైన అర్థం ఉంది: ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతానికి మించకుండా వాన పడుతుందని. మీ ఊళ్లో పడదని కాదు, కొద్దిగా పడుతుందనీ కాదు. ఏ మబ్బు ఎక్కడ నిలబడుతుందో ముందురోజు చెప్పడం ఇప్పటికి ఎవరివల్లా కాదు. అది నిర్ణయమయ్యేది ఆ మధ్యాహ్నం లేచిన మొదటి మబ్బుల చల్లగాలి ఎటు పాకింది అన్నదాన్ని బట్టి.

మబ్బు పుట్టాక మాత్రం పరిస్థితి మారుతుంది. మచిలీపట్నం, విశాఖపట్నంలలో డాప్లర్ రాడార్లున్నాయి. వాటి చిత్రాలను వరసగా చూస్తే నిలబడే మబ్బు దొరికిపోతుంది: ఎర్ర మచ్చ మూడు నాలుగు చిత్రాల్లో అక్కడే ఉంటుంది, తడిగాలి వచ్చే అంచున కొత్త చుక్కలు పుడుతుంటాయి. ఒక ఇబ్బంది ఉంది. మచిలీపట్నం నుంచి అమలాపురం వంద కిలోమీటర్లు. అంత దూరంలో రాడార్ కిరణం నేలకు సుమారు కిలోమీటరున్నర ఎత్తున వెళుతుంది. అది చూసేది ఆ ఎత్తులో ఉన్న వాననే. మూడు గంటల ముందు వచ్చే తక్షణ హెచ్చరికలు ఈ చిత్రాల ఆధారంగానే వెలువడతాయి. 2020 నుంచి వాతావరణ శాఖ ఆకస్మిక వరదల సూచన కూడా ఆరు గంటలకు, ఇరవై నాలుగు గంటలకు ఇస్తోంది. ఏ డ్రెయిన్‌కు అడ్డుకట్ట ఉంది, ఏ స్లూయిజుకు ఎన్ని షట్టర్లు ఎత్తి ఉన్నాయి అన్నది మాత్రం ఆ లెక్కల్లోకి రాదు. అది ఊరికే తెలుసు.

మొత్తం వ్యవహారంలో ఏళ్ల ముందే కచ్చితంగా తెలిసేది ఒక్కటుంది, పోటు వేళలు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇవాళ సాయంత్రం ఆరింటికి పోటు మొదలైతే, వారం తర్వాత అదే ఆరింటికి పాటు మొదలవుతుంది. మొదటి రోజు సాయంత్రం పడిన 80 మిల్లీమీటర్లు దించిన షట్టర్ల వెనక ఆరు గంటలు పేరుకుని తెల్లవారేసరికి చేలల్లోకి ఎదురెక్కుతాయి; వారం తర్వాత అంతే వాన పడితే, గుర్రపుడెక్క తీసిన డ్రెయిన్‌లో మొదటి ఆరు గంటల నీరు అర్ధరాత్రికి మొగ దాటిపోతుంది.